పిల్లల కోసం చూస్తున్నారా? నెలలో ఆ ఆరు రోజులే కీలకం.. భర్త టెస్ట్ ముందే ఎందుకు చేయించాలంటే?

పెళ్లయి ఏడాది దాటితే చాలు.. కార్వేటినగరం అయినా, పక్కనున్న పుత్తూరు అయినా పెళ్లిళ్లలో, తిరునాళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే. "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" ఈ ప్రశ్న ఎప్పుడూ కోడలికే. కొడుకును మాత్రం ఎవరూ అడగరు. ఆ తర్వాత మొక్కులు, చెట్టుకు ఉయ్యాలలు, నాటు మందులు, చివరికి అప్పు చేసి మరీ పట్నంలో ఫర్టిలిటీ సెంటర్. ఇలా ఏళ్లు గడిచిపోతుంటాయి.

కానీ చాలా జంటల విషయంలో సమస్య జబ్బు కాదు. రోజుల లెక్క తెలియకపోవడం, భార్యాభర్తలు వేర్వేరు ఊళ్లలో ఉండటం, మగవాళ్లు టెస్ట్‌కు వెనకాడటం.. ఇవే అసలు అడ్డంకులు. ఇందులో మొదటి రెండూ పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు. మూడోదానికి కావాల్సింది కాస్త ధైర్యమే. అదెలాగో చూద్దాం.

ఏడాది అంటే నిజంగా ఏడాదేనా?

గర్భనిరోధక పద్ధతులేవీ వాడకుండా, క్రమం తప్పకుండా 12 నెలలు కలిసినా గర్భం రాకపోతేనే దాన్ని సంతానలేమిగా చూడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ఇదే సంస్థ 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదుర్కొంటున్నారు. అంటే ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చేది కాదు. సిగ్గుపడాల్సిందీ కాదు.

ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న యువ జంటకైనా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం 20 నుంచి 25 శాతమే. వంద జంటలు ప్రయత్నిస్తే ఏడాదిలో దాదాపు 85 జంటలకు గర్భం వస్తుంది. మిగిలినవాళ్లలో సుమారు సగం మందికి రెండో ఏడాదిలో వస్తుంది. కాబట్టి మూడు నెలలకే "నాలో ఏదో లోపం ఉంది" అని కుంగిపోవాల్సిన పని లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కార్వేటినగరం చుట్టుపక్కల నుంచి ఎంతోమంది మగవాళ్లు చెన్నై, బెంగళూరు, శ్రీసిటీ వైపు పనులకు వెళ్తారు. కొందరు వారానికోసారి వస్తే, కొందరు నెలకోసారి. ఇంట్లోవాళ్లు మాత్రం పెళ్లి రోజు నుంచే నెలలు లెక్కపెడుతుంటారు.

చిన్న లెక్క వేసి చూడండి. 28 రోజుల నెలసరిలో గర్భం వచ్చే రోజులు ఆరే. భర్త నెలకు ఒక్కరోజు, తేదీ చూసుకోకుండా వచ్చి వెళ్తే.. ఏడాదిలో 12 సార్లు వచ్చినా ఆ ఆరు రోజుల్లో పడేది రెండు మూడు సార్లే! అంటే బయటకు ఏడాది గడిచినా అసలు ప్రయత్నం జరిగింది రెండు మూడు నెలలే. దీన్ని సంతానలేమి అనలేం. సెలవు తేదీ మార్చుకుంటే సరిపోయే సమస్యకు కూడా కొన్నిసార్లు లక్షలు ఖర్చవుతున్నాయి.

ఆ ఆరు రోజులు ఏవి?

నెలకోసారి అండాశయం నుంచి ఒక అండం విడుదలవుతుంది. అది బతికి ఉండేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకూ బతకగలవు. అందుకే అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు.. మొత్తం ఆరు రోజులే గర్భం వచ్చే సమయం. వీటిలోనూ చివరి మూడు రోజులు బాగా కీలకం. అండం విడుదలై ఒకరోజు దాటితే ఆ నెలకు అవకాశం లేనట్టే.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అందరికీ 14వ రోజే అండం విడుదలవుతుందని అనుకుంటారు. అది 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్లకే. అసలు సూత్రం ఏంటంటే.. తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది. కాబట్టి మీ నెలసరి ఎన్ని రోజులకు వస్తుందో చూసి, అందులోంచి 14 తీసేయాలి. నెలసరి మొదలైన రోజే ఒకటో రోజు.

- 24 రోజులకు వస్తే: అండం సుమారు 10వ రోజు. కలవాల్సింది 5 నుంచి 10వ రోజు వరకు.
- 28 రోజులకు వస్తే: అండం సుమారు 14వ రోజు. కలవాల్సింది 9 నుంచి 14వ రోజు వరకు.
- 32 రోజులకు వస్తే: అండం సుమారు 18వ రోజు. కలవాల్సింది 13 నుంచి 18వ రోజు వరకు.
- 35 రోజులకు వస్తే: అండం సుమారు 21వ రోజు. కలవాల్సింది 16 నుంచి 21వ రోజు వరకు.

ఒక నెల 26 రోజులకు, ఇంకో నెల 31 రోజులకు వస్తుంటే? అప్పుడు రెండు చివర్లూ కలుపుకోవాలి. అంటే 7వ రోజు నుంచి 17వ రోజు వరకు. ఆరు నెలల తేదీలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకుంటే ఈ లెక్క తేలిగ్గా తేలుతుంది. ఫోన్‌లోని యాప్‌లు చెప్పేదీ అంచనానే. నెలసరి క్రమంగా రానివాళ్లు వాటినే నమ్ముకోకూడదు.

శరీరమే సిగ్నల్ ఇస్తుంది

అండం విడుదలయ్యే రోజులు దగ్గర పడేకొద్దీ యోని స్రావం పల్చబడుతుంది. పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా జారుడుగా, రెండు వేళ్ల మధ్య సాగేలా మారుతుంది. ఇది కనిపించిందంటే మంచి రోజులు మొదలైనట్టే.

మెడికల్ షాపుల్లో ఓవ్యులేషన్ స్ట్రిప్స్ కూడా దొరుకుతాయి. ప్రెగ్నెన్సీ కిట్‌లాగే మూత్రంతో చూసుకోవాలి. పాజిటివ్ వస్తే సాధారణంగా ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుందని అర్థం. అయితే పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఈ స్ట్రిప్స్ తప్పుగా పాజిటివ్ చూపించే అవకాశం ఉంది.

భర్త బయట ఊళ్లో ఉంటే ఈ లెక్క ఇంకా ముఖ్యం. పండగకో, జీతం రోజుకో కాకుండా ఆ వారానికి సెలవు పెట్టుకుని రావడం మంచిది. కుదరకపోతే వరుసగా రెండు మూడు నెలలు భార్యాభర్తలు ఒకేచోట ఉండేలా చూసుకోవాలి.

రోజూ కలవాలా? ఈ అపోహలు వదిలేయండి

- ఆ ఆరు రోజుల్లో రోజూ లేదా రోజు విడిచి రోజు కలిస్తే చాలు. "బలం దాచుకోవాలి" అని వారాల తరబడి దూరంగా ఉంటే లాభం లేదు. ఎక్కువ రోజులు గ్యాప్ ఇస్తే కణాల కదలిక తగ్గుతుంది.
- కలిసిన తర్వాత కాళ్లు పైకెత్తి పడుకోవాలనేది రుజువు కాని మాట. ద్రవం కాస్త బయటకు రావడం మామూలే. చేరాల్సిన కణాలు నిమిషాల్లోనే లోపలికి చేరిపోతాయి.
- ఏ భంగిమలో కలిశారన్నది గర్భానికి ముఖ్యం కాదు.
- కొన్ని రకాల జెల్స్, లూబ్రికెంట్లు వీర్యకణాల కదలికను దెబ్బతీస్తాయి. లోపల సబ్బుతో కడగడం కూడా వద్దు.
- టైమ్ టేబుల్ చూసుకుంటూ ఒత్తిడికి లోనయ్యే జంటలు, తేదీలు పక్కనపెట్టి నెలంతా రెండు మూడు రోజులకోసారి కలిసినా ఫలితం దాదాపు అంతే.

భర్త టెస్ట్ ముందు ఎందుకు?

పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుంది. కొన్నింటిలో అదొక్కటే కారణం, కొన్నింటిలో ఇద్దరిలోనూ సమస్య. అయినా మన దగ్గర ముందు స్కానింగ్‌కు వెళ్లేది భార్యే. రక్త పరీక్షలు, ట్యూబ్ టెస్ట్, హార్మోన్ మాత్రలు.. అన్నీ అయ్యాక, రెండేళ్లు గడిచాక భర్త శాంపిల్ ఇస్తాడు. అప్పుడు తెలుస్తుంది.. కౌంట్ లేదని!

నిజానికి వీర్య పరీక్ష చాలా తేలిక. సూది లేదు, నొప్పి లేదు. మిగతా పరీక్షలతో పోలిస్తే ఖర్చూ తక్కువే. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం అన్నవి కింది హద్దులు. రిపోర్టులో అంతకంటే తక్కువ వచ్చినా భయపడొద్దు. గట్టి జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలలు కౌంట్ పడిపోతుంది. అందుకే ఒక్క రిపోర్టుతో తేల్చేయకుండా మళ్లీ చేయిస్తారు.

వీర్యకణం తయారవడానికి రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది. అంటే ఈరోజు మానేసిన సిగరెట్ ఫలితం కనిపించేది మూడు నెలల తర్వాత. మగవాళ్లు చూసుకోవాల్సినవి ఇవీ..

- బీడీ, సిగరెట్, గుట్కా పూర్తిగా మానేయాలి. మద్యం మానడం మంచిది, కనీసం బాగా తగ్గించాలి.
- వృషణాలకు శరీరం కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీల తక్కువ వేడి కావాలి. బెల్లం పొయ్యి దగ్గర, వెల్డింగ్ షాపులో, లారీ క్యాబిన్‌లో గంటల కొద్దీ ఉండేవాళ్లు మధ్యమధ్యలో లేచి చల్లటి చోటుకు రావాలి. ఒళ్లో ల్యాప్‌టాప్, బిగుతు లోదుస్తులు వద్దు.
- మామిడి తోటలకు, కూరగాయల పంటలకు పురుగుమందు కొట్టేవాళ్లు మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు విడిగా ఉతకాలి.
- జిమ్‌లో కండల కోసం వేసుకునే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కణాల తయారీనే ఆపేస్తాయి. మగతనం పెరుగుతుందని వేసుకుంటే జరిగేది రివర్స్.
- షుగర్ ఉంటే కంట్రోల్‌లో పెట్టుకోవాలి. అంగస్తంభన సమస్య ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి. మందులున్నాయి.

భార్య ముందే చూసుకోవాల్సినవి

- ఫోలిక్ యాసిడ్: రోజుకు 400 మైక్రోగ్రాములు. గర్భం వచ్చాక కాదు, ప్రయత్నం మొదలుపెట్టే ముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము, మెదడు రూపుదిద్దుకునేది మొదటి నాలుగు వారాల్లోనే. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు.
- రక్తం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భం రాకముందే హిమోగ్లోబిన్ 12 దాటేలా చూసుకుంటే కాన్పు కూడా సురక్షితం. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగితే అది ఒంటికి పట్టదు.
- థైరాయిడ్, షుగర్: రెండూ గర్భాన్ని ఆలస్యం చేస్తాయి, అబార్షన్ ముప్పు పెంచుతాయి. ఒక్క రక్త పరీక్షతో తెలిసిపోతుంది.
- బరువు: మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా అండం విడుదల దెబ్బతింటుంది. పీసీఓఎస్ ఉండి లావుగా ఉన్నవాళ్లు బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే నెలసరి దారిలో పడే అవకాశం ఉంది. అంటే 70 కిలోలు ఉన్నామె నాలుగైదు కిలోలు తగ్గినా తేడా కనిపించవచ్చు.
- టీకా: రుబెల్లా టీకా పడకపోతే ముందే వేయించుకుని, ఆ తర్వాత ఒక నెల ఆగాలి.
- కాఫీ రోజుకు రెండు కప్పులు దాటకపోతే మంచిది.
- ఫిట్స్, బీపీ, మానసిక సమస్యలకు మందులు వాడుతుంటే సొంతంగా ఆపేయొద్దు. గర్భానికి సరిపడేవి మార్చి ఇమ్మని డాక్టర్‌ను అడగాలి.

మేనరికం చేసుకున్నవాళ్లకు పిల్లలే పుట్టరన్నది తప్పు. అయితే బిడ్డకు వంశపారంపర్య జబ్బులు వచ్చే ముప్పు కాస్త ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉంటే ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

భార్య వయసు 35 లోపు ఉంటే ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే ఆరు నెలలకే, 40 దాటితే ఆలస్యం చేయకుండా వెళ్లాలి. వయసు పెరిగేకొద్దీ అండాల సంఖ్య, నాణ్యత రెండూ తగ్గుతాయి. 35 తర్వాత ఆ వేగం పెరుగుతుంది.

కింది సమస్యల్లో ఏ ఒక్కటి ఉన్నా ఏడాది ఆగొద్దు..

- నెలసరి 21 రోజుల లోపే రావడం, 35 రోజులు దాటిపోవడం లేదా నెలల తరబడి రాకపోవడం
- నెలసరిలో, కలయికలో భరించలేని నొప్పి
- గతంలో టీబీ, కటి భాగంలో ఇన్ఫెక్షన్, ట్యూబులో గర్భం
- రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు గర్భం పోవడం
- భర్తకు చిన్నప్పుడు వృషణం కిందకు దిగకపోవడం, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వాపు రావడం, వృషణాలకు ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స

టీబీని తేలిగ్గా తీసుకోవద్దు. ఊపిరితిత్తులకే కాదు, గర్భాశయానికీ, ట్యూబులకూ సోకుతుంది. దగ్గు లేకుండానే ట్యూబులు మూసుకుపోవచ్చు.

కార్వేటినగరం వైపు వాళ్లు ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో హిమోగ్లోబిన్, షుగర్ లాంటి ప్రాథమిక పరీక్షలు చేయించుకోవచ్చు. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తను అడిగితే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రల గురించి చెబుతారు. ఆపై పరీక్షలకు తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఆరు నెలల నెలసరి తేదీలు, పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు తీసుకెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం.. మొదటి రోజే ఇద్దరూ కలిసి వెళ్లాలి.

ఏ టెస్ట్ ఎందుకు?

ముందు చూసేవి మూడే. వీర్యం బాగుందా? అండం విడుదలవుతోందా? ట్యూబులు తెరిచి ఉన్నాయా? మొదటిదానికి వీర్య పరీక్ష. రెండోదానికి హార్మోన్ పరీక్షలు, స్కానింగ్. మూడోదానికి హెచ్‌ఎస్‌జీ అనే ఎక్స్‌రే. ఏఎంహెచ్ పరీక్ష అండాల నిల్వ ఎంతుందో చెబుతుంది. ఈ నెల గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. ఏఎంహెచ్ తక్కువ వచ్చిందని వెంటనే ఐవీఎఫ్‌కు ఒప్పుకోవాల్సిన పని లేదు. రిపోర్టు గురించి ఇంకో డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు.

పీసీఓఎస్ వల్ల అండం విడుదల కాకపోతే ముందు మాత్రలతోనే ప్రయత్నిస్తారు. ఆ తర్వాత ఐయూఐ. అంటే శుభ్రం చేసిన వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపడం. ట్యూబులు రెండూ మూసుకుపోయినా, కౌంట్ మరీ తక్కువున్నా, మిగతా పద్ధతులు ఫలించకపోయినా ఐవీఎఫ్ దాకా వెళ్తారు. అందులో అండాన్ని బయటే ఫలదీకరించి, పిండాన్ని గర్భాశయంలో పెడతారు. ఖర్చు ఎక్కువ. ఒక్కసారికే ఫలిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

సంతకం పెట్టే ముందు ఇవి అడగండి

2019లో గుంటూరులో 70 ఏళ్లు దాటిన మహిళ ఐవీఎఫ్‌తో కవలలకు జన్మనివ్వడం దేశమంతా చర్చ అయింది. ఆ తర్వాత వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం-2021 వయసు పరిమితి పెట్టింది. ఈ సేవలకు మహిళలకు 21 నుంచి 50 ఏళ్లు, పురుషులకు 21 నుంచి 55 ఏళ్లు మాత్రమే ఉండాలి. ప్రతి సెంటర్‌కూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆడా మగా ఎంచుకోవడం నేరం. డబ్బులిచ్చి చేయించుకునే సరోగసీ కూడా నిషేధం.

2025 జులైలో సికింద్రాబాద్‌లోని ఓ ఫర్టిలిటీ సెంటర్‌లో సరోగసీ పేరుతో వేరేవాళ్ల బిడ్డను అప్పగించారన్న ఆరోపణలపై పోలీసులు కేసు పెట్టి అరెస్టులు చేశారు. ఆశతో వచ్చేవాళ్లే ఇలాంటి మోసాలకు ఎక్కువగా బలవుతారు. అందుకే రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. మీ వయసువాళ్లలో ఎంతమంది బిడ్డతో ఇంటికి వెళ్లారో అడగండి. పాజిటివ్ టెస్టుల లెక్క వేరు, పుట్టిన బిడ్డల లెక్క వేరు. "వంద శాతం గ్యారంటీ" అన్నారా.. లేచి వచ్చేయండి.

ప్రభుత్వ రంగంలోనూ కదలిక మొదలైంది. హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023 అక్టోబర్‌లో ఐవీఎఫ్ సెంటర్ ప్రారంభమైంది.

మొక్కులు వద్దా?

అలా ఎవరూ చెప్పడం లేదు. కార్వేటినగరం వేణుగోపాలస్వామికి మొక్కుకోవచ్చు, కొండకు నడిచి వెళ్లొచ్చు. మనసుకు ఊరట దొరుకుతుంది. కానీ మొక్కు తీరే వరకూ డాక్టర్ దగ్గరికి వెళ్లకూడదనే నియమం ఏదీ లేదు. రెండూ పక్కపక్కనే సాగొచ్చు. పేరు చెప్పని పొడులు, పసర్లతో మాత్రం జాగ్రత్త. వాటిలో ఏం కలుపుతారో తెలియదు. కాలేయం, కిడ్నీ దెబ్బతింటే అసలుకే మోసం.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున పుడుతున్న పిల్లలు 1.7 మందే అని 2019-21 సర్వే తేల్చింది. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో ప్రభుత్వం తీసేసింది కూడా. ఎక్కువమంది పిల్లల్ని కనమని నాయకులు చెబుతున్న వేళ, ఒక్క బిడ్డ కోసం ఎదురుచూసే జంట ఎంత నలిగిపోతోందో ఇంట్లోవాళ్లే గమనించాలి.

"గొడ్రాలు" అనే మాట ఇంట్లో వినపడకూడదు. శుభకార్యాల్లో కోడలిని పక్కన నిలబెట్టొద్దు. రెండో పెళ్లి మాటెత్తే ముందు కొడుకు రిపోర్టు ఎక్కడుందో అడగండి. సమస్య అతనిదైతే ఇంకో పెళ్లి చేసినా అదే కథ. ఇంకో అమ్మాయి జీవితం అదనంగా బలి.

నెల తప్పితే వారం ఆగి కిట్‌తో చూసుకోండి. పాజిటివ్ వచ్చాక కడుపులో ఒకవైపు గట్టి నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే ఇంట్లో కూర్చోవద్దు. ట్యూబులో గర్భం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇకపై "విశేషం ఉందా?" అని అడగాలనిపిస్తే కాస్త ఆగండి. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ కోడలి ఒక్కదాని దగ్గరే ఉండదు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. పరీక్షలు, మందుల విషయంలో డాక్టర్ సలహా తప్పనిసరి.